గట్టిగా పట్టుకున్నా గార్డ్ ఎందుకు దాటలేం? జియుజిత్సు బాడీలాక్ పాస్ లోతుపాతులు

కిందటి వేసవిలో మా మిద్దె మీది గదికి ఓ కుర్రాడు వచ్చాడు. కోవూరు పక్క పల్లె, కాలేజీ టీంలో కబడ్డీ ఆడతాడు. కూతకొచ్చినవాడిని నడుం దగ్గర దొరకబుచ్చుకోవడంలో వాడికి ఊళ్లో పేరుంది. మేం నలుగురైదుగురం మ్యాట్లు పరుచుకుని బ్రెజిలియన్ జియుజిత్సు ఆడుతుంటాం. నేను చెన్నైలో ఉద్యోగం చేసిన రోజుల్లో మొదలుపెట్టి, నెల్లూరు తిరిగొచ్చాక మానలేక ఇట్లా నెట్టుకొస్తున్నా. వాడు అప్పటికే ఫోన్లో బాడీలాక్ పాస్ వీడియోలు నాలుగైదు చూసొచ్చాడు. "ఇది మా నడుం పట్టే గదన్నా" అన్నాడు.

సరే పట్టుకోరా అన్నాను. నేను మ్యాట్ మీద కూర్చున్నా. వాడు మోకాళ్ల మీద దగ్గరికొచ్చి, రెండు చేతులూ నా డొక్కల చుట్టూ వేసి బిగించాడు. ఊపిరాడలేదు, నిజమే. నిమిషం గడిచింది. నేను కూర్చున్నచోటే ఉన్నా, వాడూ ఉన్నచోటే ఉన్నాడు. రెండో నిమిషానికి వాడి ముంజేతులు కొయ్యబారిపోయాయి. అప్పుడు నా కుడిపాదం వాడి ఎడమ తొడ కింద పెట్టి ఎత్తాను. పక్కకి ఒరిగాడు. ఆపుకోవడానికి నేల మీద ఆనించాల్సిన చెయ్యి నా వీపు వెనక ఇంకో చేతితో ముడిపడి ఉంది. వెల్లకిలా పడి మిద్దె కప్పు చూస్తూ, "ఎట్టన్నా ఇది? గట్టిగానే పట్టుకోనుండా గదా" అన్నాడు.

ఈ ప్రశ్న వాడొక్కడిదే కాదు. వీడియోలు చూసి నేర్చుకునే వాళ్లలో చాలామంది తికమకపడేది ఇక్కడే. పేరులో లాక్ ఉంది కాబట్టి అంతా బిగింపులోనే ఉందనుకుంటారు. కొంత ఓపిగ్గా మొదట్నుంచి విప్పుకుంటూ వస్తే అసలు పని ఎక్కడ జరుగుతోందో కనబడుతుంది.

గార్డ్ అంటే కాళ్ల దడి

మన కుస్తీలో వీపు నేలకి తగిలితే కథ ముగిసినట్టే. జియుజిత్సులో అక్కడే మొదలవుతుంది. జపాన్ జూడో మనిషి మిత్సుయో మయేదా 1914లో బ్రెజిల్ చేరాడు. ఆయన దగ్గర్నుంచి వచ్చిన విద్యని కార్లోస్ గ్రేసీ, ఆయన తమ్ముడు హీలియో గ్రేసీ, వాళ్ల కుటుంబాలు నేల మీది పోరు వైపు తిప్పుకున్నాయి. కింద పడ్డవాడు కూడా కాళ్లతో అవతలివాడిని ఆపగలడు, తిప్పగలడు, గొంతు పట్టగలడు, చెయ్యి విరవగలడు అన్నది ఆ విద్యలో ముఖ్యమైన మాట. 1993 నవంబరులో డెన్వర్‌లో, వేరువేరు పోరు విద్యల వాళ్లు తలపడిన మొదటి యూఎఫ్‌సీ పోటీలో హీలియో కొడుకు రాయిస్ గ్రేసీ గెలిచాక ప్రపంచం ఈ సంగతి పట్టించుకుంది.

కిందివాడు తనకీ పైవాడికీ మధ్య కాళ్లు అడ్డం పెట్టుకుని ఉండటమే గార్డ్. ఇంటి చుట్టూ కట్టుకునే తాటాకు దడి లాంటిదనుకోండి. ఆ దడి దాటి, కాళ్లకి అవతల, అవతలివాడి పక్కకో మీదకో చేరి అక్కడ నిలదొక్కుకోవడం గార్డ్ పాస్. (పాస్ అనగానే పరీక్ష గుర్తొస్తుంది గానీ, ఇక్కడ దాటడం అనే అర్థం.)

దడుల్లో రకాలున్నాయి. కాళ్లు పైవాడి నడుం చుట్టూ వేసి మడమలు ముడేస్తే క్లోజ్డ్ గార్డ్. కూర్చుని రెండు పాదాలూ పైవాడి తొడల కింద కొక్కేల్లా పెడితే బటర్‌ఫ్లై గార్డ్, ఆ పాదాలని హుక్స్ అంటారు. పైవాడి ఒక కాలు మాత్రమే రెండు కాళ్ల మధ్య ఇరికిస్తే హాఫ్ గార్డ్. బాడీలాక్ బాగా పనిచేసేది బటర్‌ఫ్లై మీద, హాఫ్ గార్డ్ మీద, ఉత్తినే కూర్చున్నవాడి మీద. క్లోజ్డ్ గార్డ్‌లో ముందు ఆ మడమల ముడి విప్పితే తప్ప దీని ఊసే లేదు. దూరంనుంచి పాదాలతో ఆపే గార్డ్‌లయితే, ఆ దూరం తగ్గించుకుని ఛాతీకి ఛాతీ చేరాకే దీని అవసరం వస్తుంది.

ఒకే పేరు, వేరువేరు పనులు

బాడీలాక్ అంటే రెండు చేతులూ అవతలివాడి మొండెం చుట్టూ వేసి వెనక ముడేయడం. అంతే. మాట జియుజిత్సుది కాదు, రెజ్లింగుది. నడుం కింద పట్టుకోకూడదనే నియమం ఉన్న గ్రీకో రోమన్ కుస్తీలో ఇది రోజువారీ పట్టు. అక్కడ నిలబడి పట్టి, ఎత్తి పడేయడానికి వాడతారు. జియుజిత్సులోనూ నిలబడి పడేయడానికి వాడతారు. నేల మీద దడి దాటడానికి వాడితే బాడీలాక్ పాస్. ముడి ఒకటే, చేసే పని వేరు.

బాడీ ట్రయాంగిల్ అని ఇంకోటుంది. అది వీపు మీదికెక్కినవాడు తన కాళ్లతో అవతలివాడి పొట్ట చుట్టూ వేసే ముడి. పేర్లు దగ్గరగా ఉండటంతో మా గదిలోనే ఇద్దరు ముగ్గురు రెంటినీ కలిపేశారు. ఓవర్ అండర్ పాస్ అని మరొకటి, దీనికి చుట్టం. అందులో ఒక చెయ్యి అవతలివాడి ఒక తొడ పైనుంచి, ఇంకోటి రెండో తొడ కిందనుంచి పోతాయి. బాడీలాక్‌లో రెండు చేతులూ చంకల కిందుగా నడుం చుట్టూ పోతాయి, కాళ్లని చేతులు అసలు ముట్టుకోవు.

ఇక్కడ కాస్త ఆగాలి. కాళ్లని దాటాల్సిన పనిలో చేతులు కాళ్లని పట్టుకోకపోవడం వింతగా లేదూ? మిగతా పాస్‌లు చాలావాటిలో ప్యాంటు పట్టుకుంటారు, చీలమండ తోస్తారు, మోకాలు నొక్కుతారు. బాడీలాక్ మాత్రం కాళ్లని వాటి మానాన వదిలేసి, అవి ఎక్కడ మొదలవుతాయో అక్కడ పట్టుకుంటుంది.

ఒంగోలు గిత్తని ఎక్కడ పట్టుకోవాలి

కింద కూర్చున్నవాడి ఆయుధాలన్నీ లెక్కేయండి. హుక్‌తో ఎత్తడం, మోకాలు మధ్యలోకి తోయడం, పక్కకి తిరిగి జారుకోవడం. ప్రతిదానికీ తుంటి కదలాలి. తుంటి అటో ఇటో తిరిగితేనే మోకాలు లోపలికొస్తుంది. పిరుదులు నేల మీద వెనక్కి జరిగితేనే పాదం పెట్టడానికి చోటు దొరుకుతుంది. జియుజిత్సు నేర్చుకునేవాడికి మొదటి వారమే రొయ్యలా వంగి నడుం వెనక్కి జరిపే కసరత్తు పెడతారు, దాని పేరే ష్రింప్. రొయ్యల చెరువుల జిల్లాలో ఈ పేరు వినగానే అందరూ నవ్వారు గానీ, గార్డ్ ఆడటం అంటే చాలావరకు అదే.

ఒంగోలు గిత్తని మూపురం పట్టుకుని ఆపగల మొనగాడు లేడు. ముక్కుతాడు పట్టుకుంటే పదేళ్ల పిల్లాడి వెనక కూడా నడిచొస్తుంది. గార్డ్ ఆడేవాడికి తుంటి ముక్కుతాడు లాంటిది. మా కుర్రాడు మూపురం పట్టుకున్నాడు. డొక్కల దగ్గర చుట్టుకుని ప్రాణం పెట్టి నొక్కాడు. నాకు నొప్పి పుట్టింది, కానీ డొక్కల కింద తుంటి హాయిగా తిరుగుతూనే ఉంది. ముడి నాలుగు వేళ్లు కిందికి, తుంటి ఎముకకి కాస్త పైన, వీపు దిగువ వంపులోకి దిగి ఉంటే నా కథ వేరేగా ఉండేది.

ఇంకో సంగతి. పారతో వెయ్యాలంటే ముందు పార వెనక్కి వెళ్లాలి. వెనక గోడ ఉంటే ఎంత బలమున్నా దెబ్బ పడదు. తుంటిని దగ్గరికి లాగి అతుక్కుపోతే, కిందివాడి కాలుకి ఆ వెనక్కి వెళ్లే చోటు ఉండదు. మోకాలు మడిచి లోపలికి తేలేడు, కాలు చాపి తోయలేడు. పాదం హుక్ స్థానంలోనే ఉంటుంది గానీ దానికి ఊపు రాదు.

చేతులు, తల

ముడి ఎలా వేయాలన్నదానిపై పెద్ద తగవు లేదు. వేళ్లలో వేళ్లు జొప్పించొద్దంటారు. నేను మొదటి ఏడాది ఆ మాట వినలేదు. అవతలివాడు ఒరిగినప్పుడు వేళ్లు ఒకదాని మీదొకటి మెలిపడి, నా ఎడమ చిటికెన వేలు ఇప్పటికీ కాస్త వంకరగానే ఉంది. వాడాల్సింది గేబుల్ గ్రిప్: చప్పట్లు కొట్టినట్టు అరచేయి అరచేతిలో అడ్డంగా పెట్టి, బొటనవేళ్లు మిగతా వేళ్ల పక్కనే ఉంచి మూసేయడం. 1972 మ్యూనిక్ ఒలింపిక్స్‌లో ఒక్క పాయింటు కూడా ఇవ్వకుండా స్వర్ణం గెలిచిన అమెరికన్ రెజ్లర్ డాన్ గేబుల్ పేరు మీద వచ్చింది ఆ పేరు. అవతలివాడు బాగా లావైతే, లేదా మన చేతులు పొట్టివైతే, రెండు చేతుల వేళ్లూ కొక్కేల్లా తగిలించే ఎస్ గ్రిప్ ఇంకో రెండంగుళాలు కలిసొస్తుంది.

ముడి సరిగ్గా వెన్నుపూస మీద ఉండకుండా కాస్త పక్కకి, ఒక తుంటి వైపు ఉండటం మేలు. ఎందుకంటే కిందివాడు చివరికి వెల్లకిలా పడతాడు. ముడి నడి వీపులో ఉంటే అతని బరువూ మన బరువూ మన మణికట్ల మీదే పడతాయి, అవసరమైనప్పుడు చేతులు బయటికి రావు.

అందరూ మర్చిపోయేది తల. వీడియోలో చేతులే కనబడతాయి. నుదురో చెవి పక్కో అవతలివాడి ఛాతీ మీద, గడ్డం కిందుగా ఆనించి వెనక్కి తోయాలి. చేతులు నడుముని మనవైపు లాగుతాయి, తల ఛాతీని అటు తోస్తుంది. రెండు బలాలు, ఒకటి కింద ఇటు, ఒకటి పైన అటు. కొబ్బరిమట్టని మోకాలికి అడ్డం పెట్టి వంచినట్టు నడుం వెనక్కి వంగుతుంది. వెనక్కి వంగిన మనిషి పొట్టకండరాలు పనిచేయవు, పైకి లేచి కూర్చోలేడు. కూర్చోలేకపోతే హుక్‌తో ఎత్తే బలం సగానికి సగం పోయినట్టే. నిజానికి ఈ పట్టులో బిగింపు కంటే ఈ వంపే ఎక్కువ పని చేస్తుంది. అందుకే బాగా చేసేవాళ్ల ముంజేతులు అలిసిపోవు. తలా నడుమూ పని పంచుకుంటున్నప్పుడు చేతులు గొళ్లెంలా మూసి ఉంటే చాలు.

కబడ్డీ పట్టుకీ దీనికీ అసలు తేడా కూడా ఇక్కడే ఉంది. కబడ్డీలో కూత ముప్ఫై సెకన్లు. పట్టినవాడు ఒక్కడే మొత్తం ఆపక్కర్లేదు, క్షణంలో మిగతావాళ్లు వచ్చి మీద పడతారు. ఆపడమే గెలుపు. జియుజిత్సులో ఎవరూ రారు, గడియారం నిమిషాల్లో నడుస్తుంది, పైగా ఆపినంత మాత్రాన ఒక్క పాయింటు రాదు. ఆపి, మనం కదలాలి.

ఇక కాళ్ల పని

పట్టు దొరికాక దాటే దారులు మూడు నాలుగున్నాయి. ఎవరి ఒళ్లుని బట్టి వాళ్లకి ఒకటి కుదురుతుంది.

ఎక్కువమంది మొదట నేర్చుకునేది హుక్స్‌ని ఒక్కొక్కటిగా తీసేసే దారి. పైవాడు పిరుదులు బాగా కిందికి దించి, దాదాపు అవతలివాడి పాదాల మీద కూర్చుంటాడు. తొడల కింద ఖాళీ లేకపోతే ఎత్తడానికేమీ లేదు. మా కుర్రాడు మోకాళ్ల మీద నిటారుగా ఉన్నాడు కదా, వాడి తొడ కింద నా పాదానికి కావలసినంత చోటుంది. దించి కూర్చున్నాక తుంటి కాస్త ఒక పక్కకి తిప్పి, తన పాదంతో కిందివాడి ఒక పాదాన్ని నేలకి రాచి, ఆ కాలి మీదుగా మోకాలు దాటిస్తాడు. ఇప్పుడు ఒక కాలు దాటింది, ఇంకోటి ఇరుక్కుంది. అంటే హాఫ్ గార్డ్. మామూలుగా హాఫ్ గార్డ్ అంటే కిందివాడికి మళ్లీ ఆట మొదలైనట్టు. కానీ ముడి ఇంకా మూసే ఉంది, పక్కకి తిరిగే వీల్లేదు, మోకాలు అడ్డం పెట్టలేడు. పైవాడు ఖాళీగా ఉన్న పాదంతో అతని మోకాలిని తోస్తూ, ఇరుక్కున్న కాలి మడమని తన పిరుదు వైపు లాక్కుంటాడు. మోకాలు బయటపడితే పాదం దానంతటదే వస్తుంది.

రెండోది ట్రైపాడ్. పాదాల ముని మీద లేచి, పిరుదులు ఎత్తి, బరువంతా తల, భుజం మీదుగా అవతలివాడి ఛాతీ మీద పెట్టి, కాళ్లని ఎండ్రకాయలా పక్కకి నడిపించడం. ఇందాక పిరుదులు దించాలన్నావు, ఇప్పుడు ఎత్తాలంటున్నావేంటని అడగొచ్చు. ఎత్తు తప్పు కాదు, హుక్ కి సరిగ్గా పైన ఉండటం తప్పు. ట్రైపాడ్‌లో కాళ్లు బాగా వెనక్కి, హుక్స్ కి అందనంత దూరంలో ఉంటాయి. పక్కకి నడిచేకొద్దీ అవతలివాడి కాలు సాగి, హుక్ జారిపోతుంది.

మూడోది బ్యాక్‌స్టెప్. ఒక వైపు దాటబోతున్నట్టు నటించి, అతను అటు మొగ్గగానే, రెండో కాలిని వెనకనుంచి అర్ధచంద్రాకారంలో తిప్పి అవతలి వైపు దిగడం. చూడ్డానికి అందంగా ఉంటుంది. తిరిగే ఆ క్షణంలో మన కాలు అతని చేతుల దగ్గరికి పోతుంది కాబట్టి, కాలి పట్లు తెలిసినవాడి దగ్గర ఖరీదు ఎక్కువ.

ఒక ఆట, రెండు లెక్కలు

పాయింట్ల దగ్గర కూడా జనం పొరబడుతుంటారు, ఎందుకంటే ఏ నిబంధనల కింద ఆడుతున్నారన్నదాన్ని బట్టి లెక్క మారుతుంది. ఊహకి ఒక ఆట తీసుకుందాం. ఇద్దరు నీలం బెల్టు వాళ్లు, అంటే తెల్ల బెల్టు దాటిన మెట్టు. ఐబీజేజేఎఫ్ అనే జియుజిత్సు సమాఖ్య నిబంధనల్లో పెద్దల నీలం బెల్టు ఆట 6 నిమిషాలు.

మొదటి నిమిషంలో పైవాడికి ముడి దొరికింది. సున్నా. అర నిమిషం తర్వాత ఒక హుక్ తీసి హాఫ్ గార్డ్‌లోకి వచ్చాడు. ఇప్పటికీ సున్నా, సగం దడి దాటితే దాటినట్టు కాదు. తర్వాత పాదం కూడా లాక్కుని పక్కకి చేరాడు, రెండు సెకన్లు నిలబడ్డాడు, ఈలోగా కిందివాడు మోకాలు దూర్చి మళ్లీ గార్డ్ కట్టుకున్నాడు. మూడు సెకన్లు నిలబెట్టుకుంటేనే పాస్ కి 3 పాయింట్లు. రెండే నిలిచాడు కాబట్టి పాయింట్లు రావు, అడ్వాంటేజ్ ఒకటి వస్తుంది. స్కోరు సమానమైతే తేల్చడానికి పనికొచ్చే చిన్న మొగ్గు అది.

నాలుగో నిమిషంలో మళ్లీ ముడి దొరికింది. ఈసారి కాలు లాక్కుంటూనే ఆగకుండా అవతలివాడి పొట్ట మీదికెక్కి మౌంట్‌లో కూర్చున్నాడు, అక్కడ మూడు సెకన్లు నిలిచాడు. పాస్ కి 3, మౌంట్ కి 4, మొత్తం 7.

ఇదే ఆట ఏడీసీసీ అనే పేరున్న పోటీ నిబంధనల కింద జరిగితే? అక్కడ పాస్ కి అవే 3, మౌంట్ కి మాత్రం 2, కాబట్టి 5. అదీ ఆట రెండో భాగంలో జరిగితేనే. మొదటి భాగంలో పాయింట్లే ఉండవు, ఎన్నిసార్లు దాటినా బోర్డు మీద సున్నా. దాటినందుకు దక్కేది అవతలివాడి అలసట. బాడీలాక్ వేసేవాళ్లు ఆ మొదటి భాగాన్ని బాగా వాడుకోవడం నేను గమనించాను. మీద బరువేసి నిమిషాల తరబడి వంచుతూ ఉంటే, పాయింట్లు మొదలయ్యేసరికి కిందివాడి కాళ్లలో పస ఉండదు.

కిందివాడి దగ్గరున్న మందులు

ముడి పడ్డాక విప్పడం కష్టం. పడకముందు ఆపడం తేలిక. ఇందులో ఎవరికీ రెండో మాట లేదు. మోచేతులు తన పక్కటెముకలకి ఆనించి ఉంచి చంకల కింద చోటివ్వకపోవడం, అరచేయి అవతలివాడి నుదుటి మీదో భుజం మీదో పెట్టి చెయ్యి బిగదీయడం, మోకాలు మధ్యలో అడ్డం పెట్టడం. ఇవి ముందుగా చేయాలి. పట్టు పడి నడుం వంగాక మోచేతులు దగ్గరికి తెచ్చుకోవడం ఇల్లు కాలుతుంటే బావి తవ్వినట్టు ఉంటుంది.

వెల్లకిలా పడుకుంటే? వీపు నేలకి అంటుకుని ఉంటే చేతులు కింద దూరవు, ముడి పడదు. మంచిదే. కానీ వెల్లకిలా పడుకున్నవాడి కాళ్లు ఎత్తి పక్కకి విసిరేయడానికీ, మడిచి మీద కూర్చోవడానికీ వేరే పాస్‌లు కాచుకుని ఉంటాయి. కూర్చుంటే ముడి, పడుకుంటే మడత. మంచి పాసర్ అవతలివాడిని ఈ రెంటి మధ్య ఊపుతూనే ఉంటాడు.

ముడి పడ్డాకా దారులు లేకపోలేదు. అన్నిటికీ మూలం ఒక్కటే: పైవాడి రెండు చేతులూ ఖాళీగా లేవు. నేను మా కుర్రాడిని పడేసింది దీంతోనే. అతని ఒక చేతిని మన చంకలో పైనుంచి బిగించి, ఆ వైపే ఒరుగుతూ, రెండో వైపు హుక్‌తో ఎత్తితే, నేల మీద ఆనించడానికి చెయ్యి లేదు. పైవాడికి దీనికి రెండు జవాబులున్నాయి. తలని నేలకి ఆనించి మూడో చెయ్యిగా వాడుకోవడం, ఆ వైపు కాలు దూరంగా చాపడం. లేదంటే ముడి వదిలేయాలి. వదిలే ఆ క్షణం కోసమే కిందివాడు ఎదురుచూస్తుంటాడు, మణికట్టు దొరికితే కిమూరా, అంటే చెయ్యి వెనక్కి మెలితిప్పే పట్టు, పడుతుంది. తల ఛాతీ మీదనుంచి జారి చంక పక్కకి పోతే గిలటిన్, అంటే మెడ చుట్టూ ముంజేయి వేసి పైకి లాగే పట్టు, కాచుకుని ఉంటుంది. పైవాడు ఎప్పుడు వదలాలో తెలుసుకోవడం, ఎప్పుడు పట్టాలో తెలుసుకోవడం కన్నా ఆలస్యంగా అబ్బుతుంది. నాకింకా పూర్తిగా అబ్బలేదు.

బరువున్నవాళ్ల ఆటేనా? గీ వేసుకుంటే దండగా?

ఈ పాస్ కి ఇంత పేరు తెచ్చినవాళ్లలో ముందు చెప్పుకోవాల్సింది గోర్డన్ రయాన్‌ని. 2022లో లాస్ వెగాస్‌లో జరిగిన ఏడీసీసీలో 99 కిలోల పైబడిన విభాగం గెలిచి, అదే వేదిక మీద సూపర్‌ఫైట్ అనే ప్రత్యేక పోరులో ఆంద్రే గల్వావ్‌ని కూడా ఓడించాడు. అతని గురువు జాన్ డానహర్, న్యూజిలాండ్ మనిషి, పట్టుని ముక్కలు ముక్కలుగా విప్పి చెప్పడంలో పేరున్నవాడు. గోర్డన్ బరువు వంద కిలోల పరిసరాల్లో ఉండటంతో, వంద కిలోలు మీద పడితే ఎవడైనా వంగుతాడు, ఇందులో విద్యేముంది అన్న వాదన పుట్టింది.

వాదనలో కొంత నిజముంది. వంపు బరువు మీద ఆధారపడుతుంది. అదీగాక 60 కిలోల మనిషి 95 కిలోల మనిషి నడుం చుట్టూ చేతులు వేస్తే రెండు చేతులూ కలవకపోవచ్చు కూడా. కానీ గోర్డన్ తమ్ముడు నికీ రయాన్ ఎంతో తేలిక విభాగాల్లో ఆడేవాడు, అతనికీ బాడీలాక్ పాస్ మంచి పేరే తెచ్చింది. ఒకే సైజు వాళ్ల మధ్య ఇది పనిచేస్తుందనడానికి అది చాలు. పైగా చిన్నవాళ్లు ఇంకో లాభం చెబుతారు. చురుగ్గా తిరిగే అవతలివాడి వేగాన్ని ఇది చంపేస్తుంది, పరుగు పందెం కాస్తా తోపులాటగా మారుతుంది. నా మట్టుకు నాకు 68 కిలోల వాళ్ల మీద ఇది పనిచేస్తుంది, 90 దాటినవాళ్ల మీద చెయ్యను.

గీ గురించిన వాదన ఇంకొంచెం చిక్కు. గీ అంటే జూడో వాళ్లు వేసుకునే లాంటి మందపాటి అంగీ, ప్యాంటు. గీ వేసుకుంటే కిందివాడికి పట్టుకోవడానికి కాలరుంది, చేతి అంచుంది. వాటిని పట్టి దూరం పెడతాడు, ఛాతీకి ఛాతీ చేరనివ్వడు. గుడ్డ రాపిడికి కాళ్లు లాక్కోవడం కూడా నిదానిస్తుంది. అందువల్ల గీ ఆటలో దీని వాటా తక్కువ అంటారు. అవతలి పక్షం ఏమంటుందంటే, చేరడం కష్టమే గానీ చేరాక అదే రాపిడి పైవాడికే చుట్టమవుతుంది, కిందివాడు కూడా జారిపోలేడు. నాకు రెండో మాటలోనూ నిజం కనిపించింది గానీ, ఆ చేరడం దగ్గరే నా ఆటలు ముగిసిపోతుంటాయి.

గీ లేకుండా ఆడితే మాత్రం దీని విలువ మా ఊళ్లో వేసవిలో తెలుస్తుంది. రోళ్లు పగిలే రోహిణి కార్తెలో, ఏసీ లేని గదిలో, పది నిమిషాలకే ఒళ్లంతా నూనె పూసినట్టవుతుంది. మణికట్టు పట్టుకుంటే జారుతుంది, చీలమండ పట్టుకుంటే జారుతుంది, మెడ సంగతి చెప్పక్కర్లేదు. మన చేతిని మన చేతితోనే ముడేసుకున్న పట్టు ఒక్కటే జారదు. కట్టుకున్న వలయం కదా, అవతలివాడి చెమట ఎంతున్నా మన రెండు అరచేతుల మధ్యకి అంతగా రాదు. గీ లేని ఆటల్లో ఈ పాస్ ఇంతగా పాకడానికి ఈ మామూలు సంగతి కూడా ఒక కారణమని నాకనిపిస్తుంది.

చూసేవాళ్లకి విసుగన్న ఫిర్యాదూ ఉంది. నిజమే, బయటినుంచి చూస్తే ఇద్దరు కౌగిలించుకుని కూర్చున్నట్టుంటుంది. కింద ఉన్నవాడిని అడిగితే వేరే సంగతి చెబుతాడు. డొక్కల మీద నొక్కుడు ఎక్కువైతే సిగ్గుపడకుండా ట్యాప్ చేయడం, అంటే వదలమని చేత్తో తట్టడం, మంచిది, కిందటేడు మాలో ఒకాయన పంతానికి పోయి మూడు వారాలు పక్కటెముక పట్టేసి తుమ్మడానికి కూడా భయపడ్డాడు.

మళ్లీ ఆ కుర్రాడు

ఆరోజే వాడిని మళ్లీ పట్టుకోమన్నా. ముడి నాలుగు వేళ్లు కిందికి దించమన్నా, నుదురు నా ఛాతీ మీద పెట్టమన్నా, పిరుదులు నా పాదాల మీద కూర్చోబెట్టమన్నా. "బిగించొద్దు, ఊరికే మూసుకోని ఉండు" అంటే నమ్మలేనట్టు చూశాడు. ఈసారి నాకు ఊపిరి బానే ఆడింది. కానీ హుక్ ఎత్తబోతే కాలు రాలేదు, పక్కకి జరగబోతే నడుం రాలేదు. వాడు నా కుడిపాదాన్ని తన పాదంతో రాచాడు, మోకాలు దాటించాడు, అక్కడ కాసేపు తికమకపడి, కబడ్డీలో కాలు లాక్కున్నట్టే ఒక్క గుంజు గుంజాడు. నా పక్కకొచ్చి పడ్డాడు. మూడు సెకన్లు ఎవరూ లెక్కపెట్టలేదు.

పోయిన వారం వాడు నన్ను రెండుసార్లు దాటాడు. మూడోసారి తల నా చంక పక్కకి జార్చాడు, మెడ దొరికింది, ట్యాప్ చేశాడు. లేచి మెడ రుద్దుకుంటూ, "తల సంగతి మళ్లీ మర్చిపోయినా అన్నా" అని, మంచినీళ్ల సీసా తీసుకుని, నాకివ్వకుండా మొత్తం తాగేశాడు.